తలగడపమ్మ: గడప నెత్తికెక్కిన కథ

పులిగెడ్డ వాగుకు ఎగువన, ఎర్రమట్టి మెట్ట మీద మెరకవలస గ్రామం ఉంది. సంత కూడలిలో బస్సు దిగి, జీడితోటల మధ్య నుంచి సాగే దారిలో ఆటో ఎక్కితే తలగడపమ్మ గుడి ముందే దించుతారు. కొత్తగా వచ్చినవారు అక్కడ దిగి కూడా గుడి ఎక్కడ అని అడుగుతూ ఉంటారు. అందులో వారి తప్పేమీ లేదు. ఆ ఆవరణలో గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ముందుగా కనిపించేవి పాత తలుపులు. చింత మానుకు ఆనించినవి కొన్ని, ఒకదాని మీద ఒకటి పేర్చినవి కొన్ని. వాటి పక్కన కిటికీలు, ఊచలు, తాటి దూలాలు, బంగళా పెంకుల దొంతరలు, పాత ఇటుకలు, రంగు వెలిసిన ఇనుప చట్రాలు. ఎవరో ఇల్లు పడగొట్టి సామాను ఇక్కడ దింపుకున్నారని అనిపిస్తుంది. నిజానికి జరిగింది అదే. కాకపోతే ఒక ఇల్లు కాదు, ఈ చుట్టుపక్కల పడగొట్టిన ప్రతి ఇంటి నుంచీ ఎంతో కొంత ఇక్కడికి వస్తుంది.

ఆ సామాను మధ్య నుంచి నాలుగు అడుగులు వేస్తే గుడి. దాని గోడలు ఇటుకవీ కావు, రాతివీ కావు. గడపలవి. ఏగిస, గుగ్గిలం, టేకు కర్రల గడపలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి, సందుల్లో మట్టి కూరి ఎత్తిన గోడలు. ఒక్కో గడప నడిమిలో అరిగి, పడవలా వంగి ఉంటుంది. ఎన్ని తరాల పాదాలో ఆ పని చేశాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే చెక్క గాట్లలో ఇంకిన పసుపు ఇప్పటికీ కనిపిస్తుంది.

గుమ్మానికి కింద గడప లేదు. నేల చదునుగా లోపలికి సాగిపోతుంది. గడప పైన ఉంది. ఎక్కడైనా భక్తులు వంగి గడపకు మొక్కి, దాన్ని దాటి లోపలికి పోతారు. ఇక్కడ చెయ్యెత్తి దానికి పసుపు రాసి, దాని కిందుగా వెళతారు. పొడగరులు తల వంచక తప్పదు. తల మీద గడప ఉన్న తల్లి గనుక అమ్మవారు తలగడపమ్మ. పేరును ఆ రెండు మాటలుగా విడదీసి చదవవలసిందిగా మనవి. సరిగా వినక తలగడమ్మ అనుకుని, మొక్కు చెల్లించడానికి దిండ్లు పట్టుకొచ్చే పట్నం భక్తులు ఏటా కొందరు ఉంటున్నారు. వారిని వెనక్కి పంపడం లేదు. సత్రంలో పడుకునేవారికి ఆ దిండ్లు పనికొస్తున్నాయి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. మెట్టంతా రాయి, ముళ్ళకంప. ఊరు కింద, పులిగెడ్డ ఒడ్డునే ఉండేది. దానిని గెడ్డవాడ అనేవారు. ఆ గెడ్డవాడలో పెంటమ్మ అనే ఆమె ఉండేది. పేరు విని ముక్కు చిట్లించనవసరం లేదు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరువాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేయడం ఈ వైపు ఆచారం. పొరుగింటావిడ ఆ బిడ్డను ఏరుకొచ్చి, గుప్పెడు తవుడుకు తల్లికి అమ్మినట్టుగా తిరిగి ఇస్తుంది. పారేసిన దాని జోలికి మృత్యువు రాదని నమ్మకం. అలా దక్కిన పిల్లలే పెంటమ్మలు, తవిటమ్మలు. ఒకసారి పారేస్తేనే మనిషి బతుకుతుందని ఆ పేర్లు పెట్టినవారు అనుకున్నారు. పెంటమ్మను రెండోసారి కూడా పారేశారు.

ఆమె భర్త దాలినాయుడు. కూతురు పుట్టి నడక నేర్చాక, ఒకనాడు అతను పెంటమ్మను ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. కారణం ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. కూరలో ఉప్పు ఎక్కువైందని కొందరు, మాటకు మాట బదులు చెప్పిందని కొందరు. అటువంటి కారణాలు ఆ రోజుల్లో వెతుక్కోనవసరం లేకుండా దొరికేవి. ఇప్పుడూ వాటికి కరువు లేదు. కారణం సంగతి ఎలా ఉన్నా, అతను అన్న మాటను మాత్రం అందరూ ఒకే తీరున చెబుతారు.

"మళ్ళీ నా గడప తొక్కకు."

పొరుగువారు వింటుండగా అన్నాడు గనుక అది ఊరంతటికీ తెలిసిన మాట అయింది. ఆ గడపకు రోజూ నీళ్ళు చల్లి కడిగినది పెంటమ్మ. పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందర ముగ్గు వేసినది పెంటమ్మ. దాలినాయుడు చేసిందల్లా దాని మీదుగా నడవడమే. అయినా నా గడప అనే మాట అతని నోటికి తడుముకోకుండా వచ్చింది. పెంటమ్మ కూతురిని చంకనెత్తుకుని బయటికి నడిచింది. పుట్టింట ఎవరూ మిగలలేదు. ఊరి అమ్మవారి గుడి చావడిలో ఒక మూల వంట పెట్టుకుని, కూలికి పోయి, బిడ్డను సాకసాగింది. ఆ గుళ్ళో విగ్రహం లేదు. మట్టి ఘటం ఒకటి, దాని ముందు దీపం. గుడి కూడా ఊళ్ళో ఇళ్ళలాగే మట్టిగోడలతో, తాటాకు కప్పుతో ఉండేది. దాని గడప కూడా ఇళ్ళ గడపల్లాంటిదే.

ఆ ఏటి వానలకు పులిగెడ్డ పొంగింది. ఒడ్డు విరిగి విరిగి పడింది. కొన్ని ఇళ్ళు సగానికి తెగి, లోపలి ఉట్లతో, గూళ్ళతో సహా బయటికి కనిపిస్తూ నిలబడ్డాయి. అమ్మవారి ఘటం నీళ్ళలో కొట్టుకుపోయింది. మరో వానాకాలం వచ్చేలోగా ఊరు మెట్ట ఎక్కాలని పెద్దలు నిశ్చయించారు. అప్పుడు ఊరికి పెద్ద, పెదకాపు చిన్నంనాయుడు. స్థలాలు పంచే పని ఆయనే చూశాడు. మన వైపు ఊరి పెద్దరికం చెప్పుకునేటప్పుడు ఇన్ని గడపల ఊరు అంటాం. గడప అంటే కాపురం. చిన్నంనాయుడు ఆ లెక్కే పాటించాడు. గడపకొక జాగా అన్నాడు.

ఊరంతా ఇళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఎవరి దూలాలు, వాసాలు, తలుపులు, తాటాకులు వారు మోసుకుని మెట్ట మీదికి చేర్చారు. కొత్త కర్ర కొనే స్తోమత ఎవరికీ లేదు. అయితే ఒక్క గడపను మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. పాత గడప కొత్త ఇంటికి పనికిరాదని వడ్రంగులు చెప్పేవారు. పాత ఇంట్లో పడిన కష్టాలు, జరిగిన చావులు ఆ గడప వెంటే నడిచి వస్తాయట. దూలం మీద ఆ కష్టాలు ఎందుకు నిలవలేదో, తలుపుకు ఆ చావులు ఎందుకు అంటలేదో ఎవరూ అడగలేదు. ఏదో ఒకటి వదిలిపెట్టి వస్తే తప్ప మనసుకు నిమ్మళం ఉండదు కాబోలు. అందరూ గడపలను వదిలిపెట్టారు.

పెంటమ్మ కూడా చిన్నంనాయుడు దగ్గరికి వెళ్ళి తనకొక జాగా ఇప్పించమని అడిగింది. ఆయన చెడ్డవాడు కాడు. ఆమె చెప్పినదంతా ఓపికగా విన్నాడు. విని, "నీకు గడపేదమ్మా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. లెక్క ప్రకారం అన్నాడు. పెంటమ్మ వెనక్కి వచ్చింది. మరునాటి నుంచి గునపం పట్టుకుని గెడ్డవాడకు దిగింది. మట్టిలో కూరుకుపోయిన గడపలను ఒక్కొక్కటే పెకలించి, తాడు కట్టి, భుజాన వేసుకుని మెట్ట మీదికి ఈడ్చుకొచ్చింది. కొన్ని గడపల చుట్టూ మట్టి అప్పటికే తవ్వి వదులు చేసి ఉండేదట. ఎవరు చేశారో చెప్పుకోలేదు. ఇళ్ళు విప్పుకుంటున్న ఆడవాళ్ళ చేతుల్లో కూడా గునపాలు ఉన్నాయని గుర్తుచేసుకుంటే చాలు.

పోగైన గడపలను పెంటమ్మ చిన్నంనాయుడి అరుగు ముందు దింపింది.

"గడపకొక జాగా అన్నారు. ఇవిగో గడపలు. నాకు అన్ని జాగాలొద్దు బావు, ఒక్కటి సాలు."

అరుగు మీద మిగతా పెద్దలు కూడా ఉన్నారు. గడప అంటే కర్ర కాదనీ, కాపురమనీ చిన్నంనాయుడు నచ్చజెప్పాడు. కాపురమైతే తానే చేశాననీ, చేసిన మనిషి బయట ఉంటే గడప లోపలివాడిది ఎలా అయిందనీ పెంటమ్మ అడిగింది. పెద్దల మాటలు అక్కడి నుంచి పొగాకు పంట మీదికి మళ్ళాయి. జాగా ఇచ్చామని ఎవరూ అనలేదు, ఇవ్వలేమనీ అనలేదు. ఊరి చివర చెత్త పోసుకోవడానికి వదిలిన రాతినేల మీద ఆమె సామాను దింపుకుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. పెంటమ్మకు తగ్గ చోటే దొరికిందని ఒకరిద్దరు నవ్వుకున్నారు.

గడపలతో ఇల్లు కట్టడానికి వడ్రంగులు ముందుకు రాలేదు. పెంటమ్మే పేర్చుకుంది. మొదట పేర్చిన గోడ పక్కకు ఒరిగి పడింది. రెండోసారి పెద్ద గడపలు కిందికి, చిన్నవి పైకి వేసి, మూలల్లో ఒకదాని కొస మీద మరొకటి ఎక్కేలా అల్లుకుంటూ వచ్చింది. ఇంటి పైకప్పుకు పాత తాటాకు సరిపోయింది. గుమ్మం దగ్గరే చిక్కు వచ్చింది. ఖాళీ మీదుగా ఒక కొస నుంచి మరో కొసకు ఆనే కర్ర ఉంటే తప్ప పైగోడ నిలవదు. గుమ్మం పైన సరిపోయే పొడవు దేనికుంటుంది? గుమ్మం కింద ఉండి వచ్చినదానికే. ఆమె కుప్పలో వెతికి ఒక గడపను ఎంచుకుని, కూలికి ఇద్దరిని పిలిచి, దాన్ని పైకెత్తి కూర్చోబెట్టింది. అది దాలినాయుడి ఇంటి గడప.

వేసవి ముదిరే నాటికి మెట్ట మీద ఊరు నిలబడింది. అమ్మవారికి కొత్త గుడి కడుతున్నారు. ఘటం పోయింది గనుక ఈసారి రాతి విగ్రహం చెక్కించారు. సరిగ్గా అప్పుడే పశువులకు గాలికుంటు తగిలింది. నోట నురగ, కాళ్ళకు పుండ్లు. దున్నపోతులు లేచి నిలబడలేకపోయాయి. వానలు పడితే దుక్కి ఎలాగని ఇంటింటా దిగులు. దిగులుకు కారణం కావాలి. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఊరందరూ వదిలిపెట్టి వచ్చిన కీడును పెంటమ్మ భుజాన వేసుకుని ఊళ్ళోకి తెచ్చిందనీ, అమ్మవారి ప్రతిష్ఠ జరిగేలోగా ఆ గడపలిల్లు పడగొట్టి కాల్చేయాలనీ పెద్దలు తీర్మానించారు.

అది ఆమెకు చెప్పడానికి అందరూ కలిసి వెళ్ళారు. దాలినాయుడు అందరికంటే ముందు నడిచాడు. అతని ఫిర్యాదు అతనికి ఉంది. తాను నా గడప తొక్కొద్దని ఊరి ముందర చెబితే, ఆమె ఆ గడపనే తెచ్చుకుని రోజూ తొక్కుతున్నదనీ, మగవాడి మాటకు విలువ లేకుండా పోయిందనీ అన్నాడు. అందరూ గుమ్మం వైపు చూశారు. కింద చదును నేల. పేడతో అలికి, ముగ్గు వేసి ఉంది. దాలినాయుడు ఆ పక్కా ఈ పక్కా వెతికాడు.

"నువ్వు తొక్కొద్దన్నావు, నాను తొక్కనేదు బావా. పైకి సూడు. నెత్తినెట్టుకున్నాను."

వెనక ఎవరో ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. దాలినాయుడు తల పైకెత్తి చూశాడు. తన తాత చేయించిన గడప, తన ఇంటి గడప, అతని తలకు జానెడు ఎత్తున ఉంది. ఆ మాట అతనికి ఎలా తగిలిందో గానీ ఊరి తీర్మానం మాత్రం మారలేదు. ప్రతిష్ఠ నాటి పొద్దున ఇల్లు దింపుతామని పెంటమ్మకు చెప్పి వెళ్ళారు. బిడ్డను తీసుకుని ఎక్కడికి పొమ్మంటారని ఆమె అడిగింది. దానికి తీర్మానంలో జవాబు లేదు. ఆకాశంలో అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి.

ప్రతిష్ఠకు ముందురోజు చిన్నంనాయుడు భోజనం చేసి, మధ్యాహ్నం వేళ అరుగు మీద కునుకు తీశాడు. ఆ కునుకులో అమ్మవారు కనబడింది. మన దేశంలో దేవతలు ఆడవారికి సంబంధించిన సంగతి అయినా సరే మగవారి కలలోకి వచ్చే చెబుతారు. ఈ తల్లి కూడా ఆ పద్ధతి తప్పలేదు. పాత చీర కట్టుకుని, చంకలో ఖాళీ చేట పెట్టుకుని అరుగు ముందర నిలబడిందట.

"కొత్త గుడి నాకొద్దు. నా పాత గడప ఎక్కడుందో నానక్కడే ఉన్నాను."

చిన్నంనాయుడు ఉలిక్కిపడి లేచి, గెడ్డవాడకు మనుషులను పంపాడు. గుడి ఉన్న చోట గొయ్యి మాత్రమే ఉంది. గడప లేదు. ఎక్కడికి పోయిందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు. గుడి గడప పెంటమ్మ గోడలో ఎక్కడో ఉంది.

మొదట ఆయన బెదిరిపోయాడు. తరువాత తేరుకుని, ఇదేమంత పెద్ద చిక్కు కాదన్నాడు. అమ్మవారి గడపను మేళతాళాలతో బయటికి తీసి కొత్త గుడికి చేర్చి, మిగిలినవి అనుకున్నట్టే కాల్చేయవచ్చు. అమ్మవారి మాటా నిలుస్తుంది, ఊరి తీర్మానమూ నిలుస్తుంది. ఆ సాయంత్రం లోపే పని ముగించాలని మగవాళ్ళంతా గడపలింటి చుట్టూ చేరారు. చుట్టూ తిరిగి చూశారు. అన్నీ అరిగినవే, అన్నీ పసుపు రాసినవే. అమ్మవారిది ఏదో సరే, తమ ఇంటిది ఏదో కూడా ఒక్కరికీ అంతుపట్టలేదు. పుట్టినప్పటి నుంచి దాటిన గడపను చిన్నంనాయుడు పోల్చుకోలేకపోయాడు. పెంటమ్మను అడిగారు. అన్నిటినీ ఈ ఒక్క భుజం మీదే మోశాను, బరువు తప్ప నాకు తేడా తెలియలేదు అని ఆమె చెప్పింది.

అప్పుడు చిన్నంనాయుడికి మంచి ఉపాయం తోచింది. ఊళ్ళో ఇల్లాళ్ళందరినీ పిలిపించాడు. ఎవరి గడపను వారు చూపిస్తే, ఎవరూ చూపించనిదే అమ్మవారిది అవుతుంది. ఉపాయంలో లోపం లేదు. గడపను తొక్కినవారికి గుర్తు ఉండకపోవచ్చు గానీ, వంగి రోజూ దానికి పసుపు రాసిన చేతికి దాని గాట్లు, నెర్రెలు, ముడులు అన్నీ తెలుసు. చీకట్లో తడిమి చెప్పగలరు.

ముందుగా చిన్నంనాయుడి భార్య జోగమ్మ వచ్చింది. ఆమె గడపకు ఒక గుర్తు ఉంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆమె చేతిలోంచి రోకలి జారి గడప అంచున పడి ఒక సొట్ట ఏర్పడింది. అత్తగారు ఆ సొట్ట గురించి బతికినంత కాలం అంటూనే ఉంది. జోగమ్మ గోడ వెంట నడుస్తూ, ఆ సొట్ట ఉన్న చోట ఆగింది. అందులో బొటనవేలు పెట్టింది. వేలు సరిగ్గా ఇమిడింది. పక్కనే పెంటమ్మ కూతురు గోడకు ఆనుకుని నిలబడి చూస్తూ ఉంది. జోగమ్మ వేలు తీసేసి, ముందుకు నడిచి, గోడ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఏటో, పాత కర్రలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నాకు తెలీటం లేదు" అంది.

ఆ తరువాత వచ్చిన ఆమెకూ తెలియలేదు. ఆ వెనక వచ్చిన ఆమెకు చూపు ఆనలేదు. మరొకామె గడప ఒండ్రుకు రంగు మారిపోయింది. ఒకామె తన గడపను చూస్తూనే కన్నీళ్ళు పెట్టుకుంది. ఎందుకు ఏడుస్తున్నావని మొగుడు అడిగితే కంట్లో నలుసు పడిందని చెప్పింది. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరూ ఆ గోడ ముందు నుంచి నడిచారు. ఒక్కరు కూడా తమ గడపను గుర్తుపట్టలేదు.

అమ్మవారు మాయ కప్పి వారి కళ్ళు మూసిందని పాత పుస్తకాల్లో రాశారు. మెరకవలస ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది అది కాదు. నా గడప తొక్కకు అనే మాట ఆ ఊళ్ళో ప్రతి ఇల్లాలూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. వెళ్ళగొట్టించుకున్నది పెంటమ్మ ఒక్కతే గానీ, ఆ మాట విన్నవారు అందరూ. తన గడప ఇదీ అని చూపిస్తే, ఒక్కొక్కటిగా తేలిపోయి చివరికి అమ్మవారిది మిగులుతుంది, పెంటమ్మ ఇల్లు పోతుంది. ఆ లెక్క చిన్నంనాయుడి కంటే ముందే వారికి తెలిసింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోనక్కర లేకపోయింది. మాయ కప్పవలసి వస్తే అమ్మవారు కప్పేదే. ఆ అవసరం రాలేదు.

ఇక చేసేదేమీ లేదు. ఏ గడపను పీకినా అది అమ్మవారిది కావచ్చు. కాల్చడం మాట అటుంచి, గోడ మీద గొడ్డలి వేయడానికే ఎవరికీ చేతులు రాలేదు. కనీసం తన గడపనైనా తనకు ఇప్పించమని దాలినాయుడు అడిగాడు. అది ఒక్కటే ఎవరిదో అందరికీ తెలిసిన గడప. దానిని తీస్తే పైగోడ కూలుతుందనీ, గోడలో అమ్మవారు ఉన్నారనీ చిన్నంనాయుడు అతనికి గుర్తుచేశాడు.

ఆ ఇంటినే గుడిగా ఎంచి, రాతి విగ్రహం మాట వదిలి, లోపల కొత్త ఘటం నిలిపారు. అంతటితో కథ ముగియలేదు. గుడి అయిన తరువాత అందులో సంసారపు మనిషి ఉండకూడదనీ, నెలలో కొన్ని రోజులు మైల ఉంటుందనీ, పెంటమ్మ వేరే చోటు చూసుకోవాలనీ పెద్దలు మర్యాదగానే అన్నారు. ఇల్లు నిలిచింది గానీ ఇంటి మనిషికి మళ్ళీ వీధే మిగిలేలా ఉంది. పెంటమ్మ పొయ్యి మీద అంబలి కలుపుతూనే బదులు చెప్పింది.

"అమ్మోరు నా ఇంటికొచ్చినాది. నాను అమ్మోరింటికి ఎల్లనేదు."

వచ్చిన చుట్టాన్ని చూసి ఇంటి మనిషిని పొమ్మనడం ఎక్కడా లేదు గనుక పెద్దలు ఆ మాటను కాదనలేకపోయారు. వానలు ఆ వారంలోనే మొదలయ్యాయి. పెంటమ్మ, కూతురు, అమ్మవారు ఆ కప్పు కిందే తడవకుండా ఉన్నారు. పశువులు కోలుకున్నాయి. అది తల్లి మహిమ అని చెబుతారు. వానలు పడ్డాక ఆ జబ్బు ఎప్పుడూ తగ్గేదే అని చెప్పేవారు కూడా ఉన్నారు. కొత్త గుడి కోసం కట్టిన అరుగు మీద తరువాతి కాలంలో ఊరి బడి పెట్టారు.

నాటి నుంచి నేటి వరకు ఈ గుడిని చూసుకునేది ఆడవారే. ఆ బాధ్యత వంశాన్ని బట్టి రాదు. ఉన్నామె ముసలిదైనప్పుడు, ఏదో ఒక గడప నుంచి వెళ్ళగొట్టబడి ఇక్కడ చేరిన ఆడవారిలో ఒకరికి పసుపు గిన్నె అప్పజెబుతుంది. ఇప్పుడు ఆ గిన్నె తవిటమ్మగారి చేతిలో ఉంది. లోపల అమ్మవారి దీపం పక్కనే ఆమె పొయ్యి వెలుగుతుంది. గుడికి తలుపు రెక్కలు లేవు. నెలలో ఏ రోజూ మూయరు. ఎవరికీ ఏ రోజూ ప్రవేశం నిషేధం లేదు.

ఇల్లు పడగొట్టేవారు ఏది తెచ్చినా తేకపోయినా గడపను మాత్రం తప్పక తెచ్చి ఇక్కడ దింపుతారు. మిగతా సామాను వారి ఇష్టం. ఇల్లు కట్టుకునేవారు తమకు కావలసినవి ఎంచుకుని పట్టుకుపోవచ్చు. నిలువ నీడ కోల్పోయిన ఆడవారికి మొదటి హక్కు. ఇక్కడి తలుపులు కొన్ని ఇళ్ళలో భోజనాల బల్లలు అయ్యాయి. కిటికీ రెక్కలు పుస్తకాల అరలు అయ్యాయి. పగిలిన పెంకులతో, మొజాయిక్ ముక్కలతో అంగన్‌వాడీ నేల మీద పరిచిన పూలను చూసి తీరాలి. వాటిని పరిచినది చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లలు.

ఏరువాకకు ముందు వచ్చే జాతరకు ఉత్సవమూర్తిని కూడా ఆవరణలోని సామానుతోనే అల్లుతారు. నిరుడు ఇనుప చట్రాలు అమ్మవారి జుట్టు అయ్యాయి. తలుపు గొళ్ళేలు చెవి కమ్మలు అయ్యాయి. బంగళా పెంకులు చీర కుచ్చిళ్ళై ఒకదాని మీద ఒకటి దిగాయి. పట్నం నుంచి బొమ్మలు చేయడం నేర్చుకునే విద్యార్థులు వచ్చి, ఊరి ఆడవాళ్ళతో కలిసి పనిచేశారు. అమ్మవారి ముక్కు ఎలా ఉండాలన్న దాని మీద పెద్ద వాదులాట జరిగి, చివరికి పాత కుళాయి పిడిని అమర్చారు. అది ఆమెకు బాగా కుదిరింది. జాతర అయ్యాక మూర్తిని నిమజ్జనం చేయరు. విప్పుతారు. గొళ్ళేలు గొళ్ళేల దగ్గరికి, పెంకులు పెంకుల దగ్గరికి చేరతాయి. వాటిలో ఏదో ఒకటి మరుసటి నెలలో ఎవరి ఇంటికో చేరుతుంది.

ఇక్కడి సామానుకు వెల లేదు. మాట మాత్రం ఇవ్వాలి. ఈ కర్ర ఉన్న ఇంట్లోంచి ఎవరినీ పొమ్మనను అని, గుమ్మం పైన గడపను ముట్టుకుని, ఇంటికి తామే యజమానులమని అనుకుంటున్నవారు పైకి చెప్పాలి. ఆ మాట నిలబెట్టుకున్న ఇంట పిల్లాపాపలు చల్లగా ఉంటారనీ, తుఫానుకు కప్పు లేవదనీ, చెద పట్టదనీ భక్తుల అనుభవం. మాట తప్పినవారి ఇళ్ళకు ఏమవుతుందో ఎవరూ చెప్పరు. సామాను తిరిగి ఇక్కడికే వస్తుంది, ఒక్కోసారి దానితో పాటు ఆ ఇంటి ఇల్లాలు కూడా వస్తుంది.

ఈ మధ్య పట్నం నుంచి ఒక యువకుడు భార్యతో వచ్చి, ఆవరణలో లతలు చెక్కిన టేకు కిటికీని చూసి ముచ్చటపడ్డాడు. తమ కొత్త ఇంటి ముందుగదికి సరిగ్గా సరిపోతుందని కొలిచి చూసుకున్నాడు. మాట ఇవ్వాలని తెలిశాక సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, పై గడప మీద చెయ్యి వేసి పెదవులు కదిలించాడు. అయిపోయిందన్నట్టు తవిటమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీ మీది నుంచి చెయ్యి తీయలేదు.

"అమ్మోరికి ఇనపడిపోయింది బావు. నీ ఇంటిదానికే ఇనపడనేదు."

అతను గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. తవిటమ్మ అతని భార్య వైపు చూసింది. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి అనమంది. మూడోసారి అతను అన్న మాట ఆవరణలో పెంకులు ఏరుకుంటున్నవారికి కూడా వినిపించింది. అప్పుడు తవిటమ్మ కొంగు బిగించి, కిటికీకి ఒక పక్క చెయ్యి వేసి ఆటోలోకి ఎత్తించింది.